అత్తమ్మ అడిగిన కాపలోడు

పోయిన మంగళవారం ఉదయం కామారెడ్డి ఆసుపత్రిలో మా అత్తమ్మ చనిపోయారు. ఫ్లూ జ్వరం న్యుమోనియాగా మారింది. హైదరాబాద్‌లో నేను పనిచేసేది ఆ ఫ్లూ వైరస్ మీదే. పలకరించడానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి తెలుసు. నా ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూస్తున్నారు.

పెళ్లయిన కొత్తలో, ఎల్లారెడ్డి ఊళ్లో తమ ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అత్తమ్మ నా పనేమిటని అడిగారు. మనిషి ఊపిరితిత్తుల కణాలు తీసుకుని, ఒక్కో కణంలో ఒక్కో జన్యువును కత్తిరించి, ఆపైన వైరస్‌ను వదులుతామని చెప్పాను. ఏ జన్యువు పోతే కణం త్వరగా లొంగిపోతుందో, అంతవరకూ కాపలా కాసింది అదేనన్నమాట.

"గట్లయితే నన్నొక్కరోజు తీసేసి చూడుండ్రి, ఈ ఇంట్ల పొయ్యెట్ల మండుతదో" అని నవ్వారు. అంతలోనే చేతిలో పని ఆపి, "ఆ పురుగు నీకంటుకుంటే?" అన్నారు.

ఆ భయం ఆమెను మళ్లీ వదల్లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం ఫోన్. "చేతులు కడుక్కున్నవా? మాస్కు తియ్యలే గద?" ల్యాబ్‌లో జాగ్రత్తలన్నీ ఉన్నాయని చెప్పేదాన్ని. చెప్పి, వెళ్లి మళ్లీ చేతులు కడుక్కునేదాన్ని.

పాప పుట్టాక మా దగ్గరికొచ్చి ఉన్నారు. నేను తిరిగి పనిలో చేరగలిగింది ఆమె వల్లే. అయితే సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేదాకా పాపను నా చేతికిచ్చేవారు కాదు. మా ల్యాబ్‌లో ఒక కాపలా జన్యువు బయటపడిందని తెలిసినప్పుడు మాత్రం, "మా కోడలికి కాపలోడు దొరికిండు" అని ఎల్లారెడ్డిలో వీధంతా చెప్పుకున్నారు.

ఈమధ్య గాంధారిలో పెళ్లికి వెళ్లొచ్చాక జ్వరం పట్టుకుంది. ఆయాసం మొదలవగానే కామారెడ్డి తీసుకొచ్చాం. ఆక్సిజన్ మాస్కు లోంచి అడిగారు.

"ఆ కాపలోడు నా ఒంట్ల గూడ ఉన్నడా బిడ్డా?"

"ఉన్నడు అత్తమ్మా. అందరి ఒంట్ల ఉంటడు."

"మరేం జేస్తున్నడు?"

"కొట్లాడుతున్నడు."

వాడికి బలమిచ్చే మందు ఇంకా రాలేదని కూడా చెప్పాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె తగ్గుతూ ఉంది. ఆమె కళ్లు తలుపు వైపే ఉన్నాయి. మనవరాలిని పిలవమంటారేమో అనుకున్నాను.

"చిన్నదాన్ని లోపటికి తేకు" అన్నారు.

తర్వాత ఇక మాట్లాడలేదు.

నిన్న ఎల్లారెడ్డిలో ఆమె చీరలు ఉతికి దండెం మీద ఆరేశాం. పాప వాటి మధ్యకు దూరి దాక్కుంది. తడి చీర వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది. బకెట్ కింద పెట్టి, ఇంకో దగ్గు వస్తుందేమోనని అక్కడే నిలబడిపోయాను. చీర మెల్లగా కదులుతోంది.