పొట్టి పానాలు

మొన్న వేసవిలో, చింతపండు పని ఇంకా చేతిలో ఉండగానే, మా మనవరాలు విశాఖపట్నం నుంచి పాసింజరు రైలెక్కి గీదం స్టేషన్లో దిగింది. పిల్ల ఒక్కతే దిగలేదు, పాత దుప్పటి చుట్టి చీర పేలికలతో కట్టిన ఆరడుగుల పలక కూడా దానితోపాటు దిగింది. పెట్టెలో ఉన్నవాళ్లు అది ఇస్త్రీ బల్ల అని కొందరు, చెరువులో తిరిగే తెప్ప అని కొందరు అరకు సొరంగాలన్నీ దాటేవరకూ వాదించుకున్నారట. అది సముద్రపు అలల మీద నిలబడి జారే పలక, సర్ఫింగ్ బోర్డు అంటారు. మా అమ్మాయి కూతురు రెండేళ్లుగా రుషికొండ దగ్గర ఆ ఆట నేర్చుకుంటోంది. సముద్రం ఊసే లేని ఈ బస్తరుకు దాన్ని ఎందుకు మోసుకొచ్చిందయ్యా అంటే, దాని అడుగున ఉండే రెక్కల్లో ఒకదాని మర ఉప్పునీటికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాతయ్య గనిలో ఫిట్టరుగా చేశాడు గనుక, లోకంలో ఎక్కడ ఏ మర బిగుసుకున్నా తాతయ్య చేతిలో ఊడుతుందని దాని నమ్మకం. పది రోజుల్లో జట్టు ఎంపిక పోటీ ఉంది, ఉన్నది ఆ పలక ఒక్కటే.

నిజం చెప్పాలంటే నాకు ఓపిక లేదు. రిటైరై బచేలి గని క్వార్టరు ఖాళీ చేసి ఈ గీదంలో చిన్న ఇల్లు కట్టుకున్నాక పనిముట్ల పెట్టె మంచం కింద నుంచి బయటికి తీసింది తక్కువ. వేళ్ల కణుపులు పొద్దున్నే ముడుచుకోవు, ముడుచుకుంటే తెరుచుకోవు. ఇనుప కొండ మీద అన్నేళ్లు ఎర్రదుమ్ము మింగినవాడికి మెట్లెక్కితే ఆయాసం. మా ఈడువాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు, పని అంటే భయం కాదు గానీ, పని మొదలు పెట్టడమంటేనే నీరసం. అయినా మనవరాలు అడిగితే కాదనగలిగిన తాత ఎవరున్నారు?

మా ఆవిడ వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. దాని పక్కనే ఈ పిల్ల గుడ్డసంచీ బోర్లించి రకరకాల రెక్కలు కుమ్మరించింది. అన్నీ సొరచేప వీపు మీద రెక్కల్లా ఉన్నాయి. తోటి పిల్లల దగ్గర అడిగి తెచ్చినవి, దేని అడుగు దానిది, ఒకదాని ఇంట్లో ఒకటి ఇమడదు. నాకు మొదటి గంట చదువు అక్కడే మొదలైంది. దాని పలకకు ఉన్నది రెండు పళ్ల రకం. రెక్క అడుగున రెండు చిన్న పళ్లుంటాయి, పలకలో వాటికి రెండు గుంటలు, ఒక్కో గుంటకు పక్కనుంచి తల లేని చిన్న మర. పన్ను గుంటలో కూర్చోబెట్టి, మర తిప్పితే అది పన్నును అదిమి పడుతుంది. రెండో రకానికి పళ్లుండవు, అడుగంతా ఒకే పొడుగాటి కాలు. వెనక కొసను ముందుగా గాడిలో దూర్చి, ముందు భాగాన్ని కిందికి నొక్కి, ముందువైపు ఒక్క మర బిగిస్తే సరి. పట్టు ఎక్కువ, మరలు తక్కువ. మూడోది కొత్త రకం, మరే అక్కర్లేదు, ముందు పన్ను లోపల దూర్చి వెనక భాగం అరచేత్తో నొక్కితే టక్కుమని కూర్చుంటుంది, వెనకనుంచి లాగితే ఊడి వస్తుంది. నాలుగోది పెద్ద పలకలకు, మధ్యలో పొడుగాటి గాడి, లోపల చిన్న లోహపు బిళ్ల. రెక్కను ముందుకూ వెనక్కూ జరిపి కావలసినచోట ఆపి, ఆ బిళ్లలోకి మర దింపాలి. ముందుకు జరిపితే పలక చురుగ్గా తిరుగుతుందట, వెనక్కి జరిపితే గీత గీసినట్టు పోతుందట.

వింటూ వింటూ నాకు తెలియకుండానే హుషారు వచ్చింది. ఇదంతా మా షావెల్ బకెట్ పళ్ల కథే కదా! కొండను తవ్వే ఆ యంత్రపు బకెట్‌కు ముందు వరసగా ఇనుప పళ్లుంటాయి. రాతికి అరిగిపోతాయి గనుక వాటినీ ఊడదీసి కొత్తవి పెట్టేలాగే చేస్తారు. అక్కడా మర బిగించే రకం, మేకు కొట్టే రకం, మేకు జారకుండా మధ్యలో లాకు పెట్టే రకం అని మూడు నాలుగు తీరులుండేవి. ఏది మేలని క్యాంటీన్లో చల్లారిపోయిన టీల మీద మేం కొట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక్కో పన్ను మాత్రం ఈ రెక్కలా సంచీలో పట్టేది కాదు, ఇద్దరు ఎత్తాలి.

తుప్పు పట్టిన మర దగ్గరికి వస్తే, మా పాత అలవాటు ప్రకారం కాస్త కాక పెడదామని బ్లోలాంపు వెలిగించబోయాను. పిల్ల కెవ్వున అరిచి పలక మీద బోర్లా పడుకుంది. లోపలంతా నురగలాంటి పదార్థమట, వేడి తగిలితే కరిగి గుహ అయిపోతుందట. సరేనని కిరసనాయిలు చుక్కలు వేసి, పూటకోసారి తడుతూ, రెండు రోజులు వదిలేశాను. మూడో రోజు పొద్దున మర సన్నగా కిర్రుమంది. తుప్పు మర కదిలినప్పుడు చేతికి తెలిసే ఆ మెత్తదనం కోసమే మనిషి ఫిట్టరు కావచ్చు. పిల్ల గంతులేసింది, నేనూ లోపల వేశాను.

ఇక్కడ మా మామయ్య సంగతి చెప్పాలి, చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మామయ్యంటే మా అమ్మకు తమ్ముడు, తరవాత నాకు పిల్లనిచ్చినవాడు కూడా. విజయనగరం జిల్లాలో ఐటీఐ చదివి ఖాళీగా తిరుగుతున్న నన్ను బచేలి తీసుకొచ్చి, తన క్వార్టర్లోనే ఉంచుకుని, గనిలో తన చేతికిందే ఫిట్టరు పనిలో పెట్టాడు. అప్పటికి ఆయన షావెల్ సెక్షన్లో పెద్ద ఉస్తాద్. తెలుగువాళ్లతో తెలుగు, సాబులతో హిందీ, బజారులో హల్బీ, మూడింటిలోనూ తక్కువే మాట్లాడేవాడు. ఆ ఏడాది ఆయనకు చార్జిమ్యాన్ పదవి వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

ఒకరోజు బకెట్‌కు కొత్త పన్ను వేసే పని నాకు అప్పజెప్పి ఆయన పక్క యంత్రం దగ్గరికి వెళ్లాడు. నేను మేకు కొట్టాను గానీ, కొత్త లాకు కోసం స్టోర్స్ దాకా వెళ్లడానికి బద్ధకించి, షిఫ్టు బస్సు తప్పుతుందన్న తొందరలో పాత అరిగిన లాకే మళ్లీ పెట్టేశాను. మరునాడు ఆ పన్ను ఊడి, ఖనిజంతో పాటు డంపర్లో పడి, క్రషర్ నోట్లోకి పోయింది. రాతిని నమిలే యంత్రానికి ఇనుము అడ్డుపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? రెండు రోజులు క్రషర్ ఆగింది. సాబు అందర్నీ వరసలో నిలబెట్టి ఆ పన్ను ఎవరు వేశారని అడిగాడు. నేను వరసలో అర అడుగు వెనక్కి జరిగాను. మామయ్య ఒక్క అడుగు ముందుకు వేసి, “మైనే లగాయా, సాబ్” అన్నాడు, అంతే. తానే వేశానని ఒప్పుకున్నాడు.

పదవి పోయింది. ఆయన్ను షావెల్ మీదనుంచి తీసి టూల్ రూమ్ కిటికీ వెనక కూర్చోబెట్టారు. పనివాళ్లు ఇత్తడి బిళ్ల ఇస్తే పానా తీసిచ్చి, పానా తిరిగిస్తే బిళ్ల ఇవ్వడం, ఇదీ ఆయన పని. ఇంట్లో ఎవరికీ అసలు సంగతి చెప్పలేదనే అనుకున్నాను. నాతోనూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టి నాలుగు తన్ని ఉంటే ఇంకా బాగుండేది. రెండేళ్లకు కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు, అదీ మేనరికం గనుక తప్పనిసరై చేశాడనే నా లెక్క.

అప్పటినుంచి నాకు బిగింపు పిచ్చి పట్టుకుంది. ఏ బోల్టయినా సరిపడా బిగిశాక ఇంకో అర చుట్టు, దాని మీద ఇంకో పావు. నేను బిగించింది విప్పాల్సి వస్తే తరవాతి షిఫ్టువాళ్లు పానాలు పక్కన పడేసి గ్యాస్ కట్టర్ తెమ్మనేవాళ్లు. ఇంట్లో కుళాయి నేను కట్టేస్తే మా ఆవిడ విప్పలేక పక్కింటికి బిందె పట్టుకుపోయేది. ఊరగాయ జాడీ మూత జోలికి నన్ను ఇప్పటికీ రానివ్వదు.

ఇక టూల్ రూమ్ కిటికీ దగ్గర జరిగేది వినండి. నేను బిళ్ల పెట్టి పానా అడిగితే, ఆయన వెనక గోడకు పొడుగు పిడివి మేకులకు వేలాడుతున్నా, ఎప్పుడూ పొట్టి పిడిదే తీసి నా ముందుకు తోసేవాడు. మిగతావాళ్లకు పొడుగువి, నాకు మాత్రం పొట్టివి. తోటివాళ్లు నవ్వేవాళ్లు, అల్లుడికి మామ మర్యాద చూడండిరా అని. నాకు ఒళ్లు మండేది. నా వల్ల పదవి పోయిందన్న కసి ఇలా తీర్చుకుంటున్నాడని అనుకునేవాణ్ని. తప్పు చేసినవాడికి ఎదుటివాడి మంచితనం మీద ఎంత కోపం వస్తుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ పొట్టి పానాకు చెత్తలోంచి ఏరిన ఇనుప పైపు తొడిగి, పిడి పొడుగు చేసుకుని, రెట్టింపు కసిగా బిగించేవాణ్ని. ఆయన రిటైరయ్యేదాకా పదమూడేళ్లు ఇదే తంతు.

ఇంతకీ మన రెక్క దగ్గరికి వద్దాం. తుప్పు మర తీసేశాక కొత్త మర వేశాను. రెక్క రెండు పళ్లూ గుంటల్లో చక్కగా కూర్చున్నాయి. పిల్ల నా చేతికి వంకర తిరిగిన చిన్న కీ ఇచ్చింది, అగ్గిపుల్ల కన్నా కాస్త పెద్దది, వేళ్లకు దొరికితే ఒట్టు. కొద్దిగా బిగిశాక నాకు తృప్తి కలగలేదు. సముద్రం మధ్యలో ఊడితే పిల్ల గతేమిటి? చెయ్యి దానంతటదే పనిముట్ల పెట్టెలోకి పోయి చిన్న పైపు ముక్క వెతికి తెచ్చింది. కీకి పైపు తొడిగాను. పిల్ల “చాలు తాతయ్యా, ఇంక వద్దు” అంటూనే ఉంది. అర చుట్టు తిప్పాను. ఠిక్‌మని చప్పుడయింది. మర కింద గుంట గోడ చీలి, చీలిక పలక మీదకు జానెడు పాకింది.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చే పనైనా ఉండేది. చీలిక మీద వేలు రాస్తూ అంది: “ఈ కీని కావాలనే ఇంత పొట్టిగా చేస్తారు తాతయ్యా. ఎంత బలమైనవాళ్లయినా ఎక్కువ బిగించడానికి వీల్లేకుండా. రాయి తగిలితే రెక్క పోవాలి, పలక పోకూడదు.”

నేను కీకి తొడిగిన పైపు ముక్క ఊడదీశాను. టూల్ రూమ్ కిటికీలోంచి మామయ్య నా ముందుకు తోసిన పొట్టి పానాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్లలో నాకు తట్టనిది పదిహేడేళ్ల పిల్ల నోట వినాల్సి వచ్చింది. వెళ్లి మంచం మీద పడుకున్నాను.

పడుకుంటే పని కాదు గదా. గీదం జంక్షన్లో బస్సుల బంపర్లు అతికే ఒకాయన ఉన్నాడు, పలకను ఆటో మీద కట్టి ఆయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన తన మామూలు రెసిన్ డబ్బా తెరవబోతే మనవరాలు వాసన చూసి అది లోపలి నురగను తినేస్తుందని ఆపింది. రెండు సీసాలు కలిపే రకం మందు, గాజు నారతో నేసిన గుడ్డ తీయించి, దగ్గరుండి అతికించుకుంది. ఆయన మధ్యమధ్య నావైపు చూసి, “ఇత్నా కౌన్ కసా, చాచా?” అని నవ్వాడు. ఇంతలా ఎవరు బిగించారని. “మైనే కసా” అన్నాను, నేనే బిగించానని. ఆ ముక్క ఇంత తేలిగ్గా నోటినుంచి వస్తుందని నాకు తెలియదు.

అతుకు గట్టిపడ్డాక రెక్కను పిల్ల కళ్ల ముందే మళ్లీ వేశాను. ఈసారి కీని రెండు వేళ్లతో పట్టుకుని, మర పన్నుకు ఆనిందని వేళ్లకు తెలిసిన చోట ఆపేశాను. అక్కడ ఆపడం ఎంత కష్టమైందో చెబితే మీరు నవ్వుతారు. పైపు ముక్కను పెరటి గోడ అవతలికి విసిరేశాను.

పోటీ రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. రెండో విడతలో పలక అడుగు రాయికి కొట్టుకుని రెక్క ఊడి కొట్టుకుపోయిందట, గుంటకు గీత కూడా పడలేదట. ఒడ్డుకొచ్చి సంచీలోంచి ఇంకో రెక్క తీసి, రెండు నిమిషాల్లో బిగించుకుని మళ్లీ దిగిందట. జట్టులో పేరు రాలేదు, అదనపువాళ్లలో రాసుకున్నారు. వచ్చే ఏడు చూసుకుందాం తాతయ్యా అని అదే నన్ను ఓదార్చింది.

ఫోన్ పెట్టేసి, మా ఆవిడ పక్కన కూర్చుని, నలభై ఏళ్లుగా దాచినది చెప్పేశాను. ఆ పన్ను వేసింది మీ నాన్న కాదు, నేను అని. గింజ తీస్తున్న దాని చేతులు ఆగాయి. నావైపు చూడలేదు.

“తెలుసండీ. నాన్న అమ్మకి చెప్తుంటే విన్నాను, పెళ్లికి ముందే. టూల్ రూమ్‌లో పొట్టి పానాలు మీకోసమని నాన్న వేరే డబ్బాలో దాచేవాడు. కుర్రాడు భయంతో బిగిస్తన్నాడు, పొడుగుది ఇస్తే ఏదోరోజు బోల్టు తెగి మొహం మీద పడతాది అనేవాడు. మీకు చెప్పలేదేటి?”

చెప్పలేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగడానికి ఇప్పుడాయన లేడు.

మొన్న మా పాత సెక్షన్ కుర్రాడొకడు బజారులో కలిసి, ఇప్పుడు గనిలో అన్నీ కొత్త పానాలే వచ్చాయని చెప్పాడు. ఎంత బిగించాలో ముందే అంకె తిప్పి పెట్టుకుంటే, అంతకు చేరగానే పానా టక్కుమని చెబుతుందట, చేతికి తెలివి అక్కర్లేదట. మంచిదే, ఎవరి మొహాలూ పగలవు. మా రోజుల్లో ఆ పని టూల్ రూమ్ కిటికీ వెనక కూర్చుని ఒక మనిషి చేసేవాడు. ఆయన మీద నేను పదమూడేళ్లు అలిగాను.