నేను వదిలిన చెయ్యి

పదకొండేళ్లు ఒక మాట మోశాను. ఆ బరువు కంటే, దాన్ని దించుకోనివ్వని నా స్నేహితుడు సన్యాసి మంచితనమే నన్ను ఎక్కువ విసిగించింది. అవును, విసుగే. తప్పు నాది, విసుగు అతని మీద. ఎలాంటి మనిషిని నేను?

నా పేరు రాయను. మాది చోడవరం. సన్యాసీ నేనూ కబడ్డీలో డిఫెండర్లం. అతను ఎడమ కార్నర్, నేను అతని పక్కన. రైడర్ కూతకి వస్తే చేతులు గట్టిగా పట్టుకుని ఇద్దరం ఒకేసారి మీద పడేవాళ్లం. కబడ్డీ ఆడి జీతం తీసుకోవచ్చని అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులు. కొత్త లీగ్ వాళ్లు అనకాపల్లిలో సెలక్షన్ పెట్టారు. డిఫెండర్ ఒక్కడే కావాలన్నారు.

సన్యాసి నాకంటే బాగా ఆడతాడు. అది నాకెప్పుడూ తెలుసు. ఆ పూట అక్కడ కూర్చున్న కోచ్‌కి కూడా తెలిసిపోతోందని అర్థమైంది. ఆఖరి రైడ్‌లో సన్యాసి నా చెయ్యి లాగి దూకాడు. నేను దూకలేదు. వేళ్లు విప్పేశాను. ఒక్కడే వెళ్లి పడ్డాడు. రైడర్ బరువంతా అతని మోకాలి మీద పడింది. తడబడుతున్న ఆ రైడర్ కాలు నేను సులువుగా దొరకబుచ్చుకున్నాను. చప్పట్లు కొట్టారు. నన్నే తీసుకున్నారు.

మూడు సీజన్లు ఆడాను. టీవీలో కనబడ్డాను. ఊళ్లో ఫ్లెక్సీలు కట్టారు. తర్వాత భుజం పోయి ఇంటికొచ్చి, ఆడపిల్లలకు కోచింగ్ మొదలుపెట్టాను. సన్యాసి మోకాలు మాత్రం బాగవలేదు. గోవాడ చక్కెర మిల్లుకి చెరకు ట్రాక్టర్ తోలుకుంటున్నాడు. చెమటకి తన చెయ్యే జారిందని, అయినా నేను రైడర్ని పట్టేశానని పెళ్లిళ్లలోనూ టీ కొట్ల దగ్గరా నన్ను చూపించి మరీ చెబుతాడు. ఒక్కసారైనా అనుమానం రాదా ఈ మనిషికి? ఒక్కసారి నన్ను తిట్టేస్తే పోయేది కదా?

మొన్న సాయంత్రం కూతుర్ని నా దగ్గర చేర్పించడానికి గ్రౌండ్‌కి తీసుకొచ్చాడు.

"నాలాగ సెయ్యి జార్సీకమ్మా. సిన్నాన్న కాడ పట్టు నేర్సుకో," అన్నాడు ఆ పిల్లతో.

నాకు ఒళ్లు మండిపోయింది.

"జార్లేదురా. నేనే వదిలీసేను."

"ఏటి?"

"కావాలనే. ఆ సీటు నాకే రావాలని."

సన్యాసి కూతుర్ని తన వైపు లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి ఇన్నేళ్లూ నన్నెందుకలా సెప్పుకోనిచ్చేవురా?"

పిల్లని బండెక్కించుకుని వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

అతను వెళ్లేసరికి గ్రౌండ్‌లో మిగతా పిల్లలు ఆట ఆపి నన్నే చూస్తున్నారు. అంతా విన్నారు. విననీ అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతానని ఇన్నాళ్లూ భయపడ్డాను. చావలేదు. ఊపిరి లోపలిదాకా వెళ్లింది. అంత హాయిగా వెళ్లినందుకు కూడా నా మీద నాకు కోపమే వచ్చింది.