ఇద్దరికీ ఒకే సిస్టమ్

సముద్రం పక్క ఊళ్లో టైపింగు షాపు పెట్టుకున్నప్పుడు, ఇద్దరికీ చెరొక సిస్టమ్ కొందామన్నాను. నాతో భాగస్వామిగా చేరిన, నేను అక్కా అని పిలిచే ఆమె ఒప్పుకోలేదు. "ఉప్పుగాలికి తుప్పు పట్టేదానికి రెండెందుకు అమ్మాయ్? పొద్దున నువ్వు, సాయంత్రం నేను" అని తేల్చేసింది. వచ్చిన పనిని వదులుకునే రకం కాదు, పైసా వదిలే రకం అసలే కాదు.

నేను పొలం అర్జీలు, పంచాయతీ కాగితాలు కొట్టేదాన్ని. అక్కవి చర్చి కరపత్రాలు, చనిపోయినవారి జ్ఞాపకార్థ కూడిక కార్డులు. సిస్టమ్‌కు ఈ తేడా తెలియదు. ఒక మాట కొడితే, దాని వెనక ఎక్కువసార్లు వచ్చిన మాటల్ని బూడిదరంగులో చూపించేది. నేను "తహసీల్దారు గారికి" అంటే, అది "ప్రభువు పేరట వందనములు" అని అందించేది. నవ్వుకునేదాన్ని.

అమ్మను గుండెజబ్బుతో నెల్లూరు ఆస్పత్రిలో చేర్చాము. ఆపరేషన్‌కు సాయం కోరుతూ అర్జీ కొడుతున్నాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో నరపురుగు లేదు. అమ్మ పేరు కొట్టి చెయ్యి తీశాను. పక్కన బూడిదరంగులో వచ్చింది: "ప్రభువునందు నిద్రించారు."

చెరిపి మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. మా ఇంట్లో చర్చికి వెళ్లేవాళ్లు లేకపోయినా, ఆ మాటకు చనిపోయారని అర్థమని తెలియనిదాన్ని కాను. ఎవరో వెనక నిలబడి నాతోపాటు చదువుతున్నట్టనిపించింది. తిరిగి చూడటానికి భయమేసింది.

సాయంత్రం అక్క వచ్చి తేలిగ్గా చెప్పింది. "ఆ పేరు ఈ పక్క వీధికిద్దరికి ఉండాది. పోయినోళ్ల కార్డులు నేనే గదా కొట్టినా. దానికేం తెలుస్తాది?"

కారణం తెలిసింది గానీ భయం పోలేదు. "శుభం పలకరా మంకెన్నా అంటే ఇదా పలికేది! నీ చావు కార్డులన్నీ దీని కడుపులో పెట్టినావు. నాకు వేరే సిస్టమ్ కావాల" అని అరిచాను. మర్నాటి నుంచి నేను షాపుకు పోకుండా ఆస్పత్రిలోనే ఉండిపోయాను.

ఆపరేషన్ ముందురోజు ఇంకో కాగితం టైపు చేయించి తెమ్మన్నారు. తప్పక షాపుకు వెళ్లాను. అక్క వాకిట్లో కూర్చుని ఉంది. అమ్మ పేరు కొట్టి కళ్లు మూసుకున్నాను. తెరిస్తే, పేరు పక్కన బూడిదరంగులో: "లేచి ఇంటికి నడిచి వస్తారు."

ఈసారి మరీ భయమేసింది. "ఎవరు కొట్టినారక్కా ఇది?"

అక్క నా వైపు తిరగలేదు. "నేనే. నువ్వు పోయినప్పటి నుంచి అదొక్కటే కొడతా ఉండా. వచ్చిన పనులన్నీ తిప్పి పంపించినా. పోయినోళ్ల కార్డులు చానా ఉండాయి గదా, వాళ్ల లెక్క దాటేదాకా కొట్టాల."

అక్కను పట్టుకుని ఏడ్చేశాను. ఆపరేషన్ అయ్యాక అమ్మ నడుచుకుంటూనే ఇంటికి వచ్చింది. వేరే సిస్టమ్ మాట నేను మళ్లీ ఎత్తలేదు. కానీ దాని మీద నా పేరు మాత్రం ఇంతవరకూ కొట్టలేదు.