పండుకోబెట్టిన చామంతులు

చిన్నపుల్లయ్యది కడప పక్కన చింతకొమ్మదిన్నె. మీసాలు సరిగా రాని వయసులో కువైట్ వచ్చి, రుమైథియాలో ఒక ఇంట్లో తోటపనికి కుదిరాడు. మనిషి మంచివాడే గానీ, చామంతుల దగ్గరికొచ్చేసరికి వట్టి మొండిఘటం. చామంతికి పగలు తగ్గి చీకటి పెరిగితేనే మొగ్గ వస్తుంది. ఊళ్లో కరెంటు స్తంభం లైటు పడే సాలు ఏపుగా పెరిగి కూడా ఒక్క పువ్వు పూయకపోవడం చూసి ఈ సంగతి పసిగట్టాడు. పసిగట్టినవాడు ఊరుకుంటాడా? కార్తీకం దాకా ఆగడం దేనికి, చీకటేదో మనమే ఇద్దామని పట్టుకున్నాడు.

ఇంటావిడను పనివాళ్లందరూ అమ్మ అనే అర్థంలో మామా అనేవారు. పుల్లయ్య ఆమె ఒంటినిండా కప్పుకునే పాత నల్ల అబాయాలన్నీ అడిగి తెచ్చుకున్నాడు. వంటింట్లో పనిచేసే గోదావరి మనిషి ఎలీసమ్మ సణుక్కుంటూనే వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టింది. ప్రహరీ నీడన కుండీలు పేర్చి, చుట్టూ ఇనుప కడ్డీలు పాతి, పైన డేరాలా కప్పాడు. సాయంత్రం ఎండ ఉండగానే కప్పడం, పొద్దున బాగా తెల్లారాక తీయడం. ఏటా ఇదే తంతు. దీన్ని అతను పండుకోబెట్టడం అనేవాడు. నిద్రపోతున్నారు అనడానికి అతనికి తెలిసిన అరబ్బీ మాట నాయమ్. చామంతులెట్లా ఉన్నాయని ఎవరడిగినా "నాయమ్, నాయమ్" అని నోటిమీద వేలేసుకునేవాడు. మామా ఒక్కగానొక్క కొడుకు ఫహద్ అది చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాడు.

తొంభయ్యో సంవత్సరం అక్టోబరులో ఫహద్ పెళ్లి అనుకున్నారు. పెళ్లినాటికి పూలిస్తానని పుల్లయ్య మాటిచ్చాడు. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కువైట్ సైన్యంలో ఉన్న ఫహద్ యూనిఫారం ఎక్కడో విప్పి పారేసి, మామూలు బట్టల్లో ఇల్లు చేరాడు. అలాంటి కుర్రాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. దొరికితే వాళ్లనే కాదు, దాచిన ఇంటివాళ్లనూ వదలడం లేదు. పెళ్లి మాట అందరూ మరిచిపోయారు. పుల్లయ్య మాత్రం డేరా కప్పడం మానలేదు.

"అంతా బస్సులెక్కి జోర్డాన్ ఎల్లిపోతన్నారు అన్నయ్యా. మనవూ ఎల్లిపోదారి" అంది ఎలీసమ్మ.

"పోదాం లేమ్మే. మొగ్గ తొడిగే యాళకు ఇడ్సిపెట్టి పోతే యెట్ల? పిల్లోడు ఇంట్లో దాంకోనుండాడు. మామా ఒక్కతే ఏం జేస్తాది?"

సెప్టెంబరులో ఒక సాయంత్రం. పుల్లయ్య అప్పుడే డేరా కప్పాడు. గేటు మీద తుపాకీ మడమలతో బాదిన చప్పుడు. వంటింటి తలుపులోంచి ఫహద్ పరుగెత్తుకొచ్చాడు. అటూ ఇటూ చూసి, వేరే దారి లేక, డేరా అంచు ఎత్తి కుండీల మధ్య దూరాడు. పుల్లయ్య వంగి ఆ అంచు సర్దాడు. ఇక ఆ గుడ్డ లేవకుండా చూసుకుంటే చాలు, పిల్లవాడు బతుకుతాడు.

సైనికులు ఇల్లంతా తిరగేసి పెరట్లోకి వచ్చారు. అందులో ఒకడు డేరా వైపు తుపాకీ చూపించి, లోపల ఏముందని అడిగాడు. పూలు అని చెప్పాలి. అరబ్బీలో వర్ద్. ఆ మాట పుల్లయ్య నాలుక చివరే ఉంది. కానీ ఆ భయంలో ఏళ్ల అలవాటు ముందుకు తోసుకొచ్చింది.

"నాయమ్" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తానేమన్నాడో అప్పుడుగానీ పుల్లయ్య చెవికి వినబడలేదు. సైనికుడు తుపాకీ ఎక్కుపెట్టాడు. "ఎవరు? లోపల ఎవరు నిద్రపోతున్నారు?"

"లా, లా! వర్ద్! వర్ద్ నాయమ్!" కాదు, పూలు నిద్రపోతున్నాయని కేకలేస్తూ పుల్లయ్య ఫహద్ లేని కొసన అంచు కొంచెం ఎత్తి చూపించాడు. సాయంత్రపు వెలుతురు రెండు మూడు కుండీల మీద పడింది. పెసరగింజలంత మొగ్గలు. సైనికుడు వంగి చూశాడు. విషయం అర్థమై పకపకా నవ్వాడు. మిగతావాళ్లను పిలిచి చెబితే వాళ్లూ నవ్వారు. భయంతో పుల్లయ్య కూడా నవ్వాడు. వంటింటి గుమ్మంలో ఎలీసమ్మ గుండెల మీద సిలువ వేసుకుంది. గండం గడిచిందనే అనుకున్నారు ఇద్దరూ.

"గూమ్! యల్లా, గూమ్!" అన్నాడు సైనికుడు, బడికి టైమైందని పిల్లల్ని లేపినట్టు. నవ్వుతూనే తుపాకీ ఎత్తి, డేరాను ఈ కొస నుంచి ఆ కొస దాకా కాల్చుకుంటూ పోయాడు. అంతా సరదాకే. ఆ తర్వాత హాల్లోని టేబుల్ ఫ్యాను చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

పుల్లయ్య గుడ్లప్పగించి నిలబడ్డాడు. లోపల్నుంచి కేక లేదు, మూలుగు లేదు. పిల్లోడు గోడ దూకేశాడని నిజంగానే నమ్మాడు. ఆ నమ్మకంతోనే గుడ్డ లాగాడు.

పగిలిన కుండీల మధ్య ఫహద్ ముడుచుకుని పడి ఉన్నాడు. అరుపు బయటికి రాకుండా అబాయా అంచు నోట్లో కుక్కుకున్నాడు. పళ్లు దాన్ని గట్టిగా కరిచిపట్టి ఉన్నాయి. అరిస్తే తల్లిని కూడా చంపుతారని ఆ కుర్రవాడికి తెలుసు. పుల్లయ్యకు ఏడుపు కూడా రాలేదు. చేతిలోని గుడ్డ వదలాలన్న ధ్యాస కూడా లేదు.

మామా వచ్చింది. మట్టిలో కూలబడి కొడుకు తల ఒళ్లోకి తీసుకుంది. తలెత్తి, "వాళ్లకు నువ్వేం చెప్పావు?" అంది.

"పూలనే చెప్పాడు మామా, పూలనే" అని ఎలీసమ్మ అడ్డం వచ్చింది.

పుల్లయ్య తల అడ్డంగా ఊపాడు. "ల్యా మామా. నాయమ్ అంటి. నా పాడు నోరు, నాయమ్ అంటి."

కొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది. ఆమె కొడుకు పెదవుల మీది మన్ను ముసుగు కొసతో తుడుస్తూ ఉండిపోయింది.

"నువ్వొచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు పలుగు చప్పుడు చేసేవాడివి" అంది. "చప్పుడు చేయకు, నా పిల్లవాడు పడుకున్నాడని నేనే నీకు ఆ మాట నేర్పాను."