సాయంత్రం చూపించని మాట

నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. ఏడో తరగతి దాటని చేతిరాత ఇది. ఒత్తులు పోయినా, దీర్ఘాలు తప్పినా మన్నించి చదవండి.

మా సారు పోయారు. ఆ పొద్దున నేను జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. మా ఆయన సెల్లు పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు. "ఏమ్మే, ఈయప్ప మీ సారు కదా? కోడుమూరు బస్టాండులో నీతో మాట్లాడినాడు సూడు. కర్నూలు ఆసుపత్రిలో పోయినాడంట" అన్నాడు. సెల్లులో సారు ఫోటో ఉంది, చుట్టూ పూలదండ బొమ్మ. చూస్తూ ఉండిపోయాను. పెనం మీద రొట్టె మాడి వాసన వచ్చింది. ఏడుపు రాలేదు. సారును అడగాల్సింది ఒకటి నాలోనే మిగిలిపోయిందే అని కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపపడడం పాపమో ఏమో తెలియదు.

మాది ఆలూరు పక్క చిన్న ఊరు. మా బడి ఏడో తరగతి వరకే. సారు రోజూ బస్సు దిగి, రోడ్డు నుంచి నడిచి వచ్చేవారు. భుజాన సంచి, అందులో ఆకుపచ్చ రంగు నీళ్ల బాటిల్, జేబులో వేయించిన బుడ్డలు. వేరుశనగలను మేము బుడ్డలనే అంటాం. లెక్క సరిగ్గా చేసినవాళ్లకు ఆయన బుడ్డలు పెట్టేవారు కాదు, తప్పు చేసి మళ్లీ చేసినవాళ్లకు పెట్టేవారు.

ప్రార్థన అయ్యాక ప్రతి పిల్లా ఆ రోజు చేయబోయే పని ఒకటి అందరి ముందూ చెప్పాలి. సాయంత్రం గంట కొట్టేముందు దాన్ని చూపించాలి. "పొద్దున ఒగటి సెప్పు, సాయంత్రం అదే సూపించు. పది సెప్పొద్దు" అనేవారు సారు. ఒకరు ఎనిమిదో ఎక్కం అనేవారు, ఇంకొకరు గోర్లు తీసుకుంటాననేవారు. చివరన సారు కూడా తన మాట చెప్పేవారు. "ఈ పొద్దు ఈరన్నకు గుణింతం నేర్పిస్తా" అన్నారొకసారి. ఈరన్న ఒకటో తరగతి పిల్లాడు, ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది. సాయంత్రం ఈరన్న పలక మీద సగం రాసి ఆగిపోయాడు. సారు తన చెవి తానే పట్టుకుని, "ఓడిపోయినా రా. రేపు మల్లా సెప్తా" అన్నారు. మేమంతా నవ్వాం. అంత పెద్దమనిషి మా ముందు ఓడిపోయానని చెప్పుకోవడం మాకు వింత. ఆయన మాట అంటే మాకు గురి కుదిరింది అక్కడే.

నన్ను లీడరును చేసినప్పుడు నేను ఏడ్చాను. నాకు నోరు లేదు. ఎవరైనా పేరు అడిగినా మా అమ్మ కొంగు వెనక్కి పోయేదాన్ని. "సార్, నాకు గొంతు ల్యాదు సార్, వేరేవాళ్లను పెట్టండి" అన్నాను.

"గొంతుతో ఏం పని మ్మే? ఎవురు వెనకబడినారో కనపడితే సాలు, వాళ్లే లీడరు. నీకు కనపడతాది, నేను సూసినా" అన్నారు.

ముందు ఒక్క పిల్లకు చెప్పమన్నారు పాఠం. తర్వాత ఇద్దరికి. నా చుట్టూ ఎప్పుడు అంతమంది కూర్చున్నారో నాకే తెలియకుండా పెంచారు. ఒకరోజు ఒకటో తరగతి మొత్తానికీ నేను అక్షరాలు చెబుతుంటే, సారు తలుపు దగ్గర బుడ్డలు వలుచుకుంటూ నిలబడి ఉన్నారు. నా గొంతు బడి బయటికి వినిపించిందని మా అమ్మ ఇంటికి వచ్చాక చెప్పింది.

లీడరుకు ఇంకో పని ఉండేది. వరండాలో నీళ్ల కుండ దగ్గర నిలబడి అందరికీ నీళ్లు పోయాలి. చిన్నవాళ్లకు ముందు, లీడరుకు చివర. ఎండాకాలంలో నా వంతు వచ్చేసరికి కుండ అడుగున తడి మాత్రమే ఉండేది. అప్పుడు సారు సంచిలోంచి ఆకుపచ్చ బాటిల్ తీసి, నా దోసిట్లో వంచేవారు. "లీడరు చివర తాగాల. ఎండిపోగూడదు మాత్రం" అనేవారు. ఆయన బాటిల్ ఖాళీ చేసుకుని, ఎండలో రోడ్డు దాకా నడిచి పోయేవారు. ఇది నేను మరచిపోలేదు. మరచిపోయి ఉంటే నాకు తేలికగా ఉండేది.

వానలు లేని ఏడు మా పక్క ఊళ్లకు ఊళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు పోతాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుందని, అట్లాంటివాళ్ల కోసం బడిలోనే హాస్టలు పెట్టేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయన సుగ్గికి సిద్ధమయ్యాడు. నన్నూ రమ్మన్నాడు. నేను సారుకు చెప్పుకున్నాను.

మరునాడు ప్రార్థన అయ్యాక సారు అందరి ముందూ తన మాట చెప్పారు. "ఈ పొద్దు మా లీడరు వాళ్ల నాయనతో మాట్లాడి, పాపను హాస్టల్లో నిలబెడతా."

ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. ఈరన్న వచ్చి, "అక్కా, నువ్వు రావా మాతో?" అని మూతి ముడిచాడు. వాడిని హాస్టల్లో పెట్టడానికి వీల్లేదు, మరీ చిన్నవాడు.

సాయంత్రం మా నాయన వచ్చాడు. వెంట కూలీలను తీసుకుపోయే మేస్త్రి ఉన్నాడు. సారు మాట ఎత్తేలోపే మేస్త్రి అందుకున్నాడు.

"సారూ, ఈ తూరి చంటిపిల్లోళ్లు శానామంది వస్తాండారు. తల్లులంతా చేనికి పోతే గుడిసెల కాడ సూసుకునేవాళ్లు ల్యారు. పోయిన తూరి ఒగడు బాయికాడికి పోయినాడు, మా పానాలు పోయినంత పనాయ. కాస్త తెలివైన పాప ఉంటే సెప్పండి."

సారు నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ నాకు కనపడుతుంది. అందులో జాలి లేదు. గర్వం ఉంది.

"ఈ పాపను తీస్కపోండప్పా. సూసుకునేది ఒగటే గాదు, అక్షరాలు గూడా మర్సిపోకుండ సెప్తాది. మా లీడరు" అన్నారు.

మా నాయన మొహం వెలిగిపోయింది. సారంతటివాడు తన కూతురిని మెచ్చుకున్నాడని సంతోషం ఆయనకు. నేను, "సార్, పొద్దున సెప్తిరి కదా సార్" అన్నాను. అంతకంటే గొంతు రాలేదు.

సారు నా తల మీద చెయ్యి పెట్టారు. "హాస్టల్లో ఉంటే నీ ఒక్కదానికే సదువు మ్మే. నువ్వు పోతే వాళ్లందరికీ. లీడరు చివర తాగాల గదా? నువ్వు వచ్చినాక హైస్కూల్లో నేనే చేర్పిస్తా" అన్నారు.

గంట కొట్టారు. ఆ సాయంత్రం సారు ఎవరినీ ఏమీ చూపించమని అడగలేదు. చెవి కూడా పట్టుకోలేదు.

మిరపచేల దగ్గర టార్పాలిన్ గుడిసెల్లో నేను బడి నడిపాను. పలకలు లేక మట్టి చదును చేసి వేలితో రాయించాను. కారం చేతులతో కళ్లు నలుపుకుని ఏడ్చే పిల్లలకు కళ్లు కడిగాను. ఈరన్నకు గుణింతం మొత్తం వచ్చింది అక్కడే. వాడు రాసి చూపించిన రోజు సారు ఇక్కడుంటే బాగుండు అనుకున్నాను. అప్పటికింకా నమ్మకం ఉంది నాకు.

తిరిగి వచ్చేసరికి బడికి ఎండాకాలం సెలవులు. తెరిచాక కొత్త సారు వచ్చారు. మా సారు కడప పక్కకు బదిలీ అయి పోయారట. నాకు ఒక మాట కూడా చెప్పి పోలేదు. హైస్కూలుకు బస్సెక్కి పోవాలి, ఎవరో ఒకరు వెంట వచ్చి చేర్పించాలి. "సారే సుగ్గికి తీస్కపొమ్మనె. సదివింది సాల్లే" అన్నాడు నాయన. తర్వాత ఏడూ సుగ్గి, ఆ పై ఏడూ సుగ్గి. ఆ తర్వాత పెళ్లి.

కోడుమూరు పక్క ఊరికి కోడలిగా వచ్చాక, ఒకరోజు బస్టాండులో సారు కనపడ్డారు. కొలువు అయిపోయి సొంతూరు వచ్చేశారు. భుజాన అదే సంచి. నన్ను గుర్తుపట్టి, "ఏమ్మే లీడరూ, బాగుండావా?" అన్నారు. పక్కనున్న మా ఆయనతో, "ఈ పాప మిరపచేలో బడి నడిపిందప్పా. నేను నేర్పినవాట్లో గొప్పది ఇదే" అన్నారు. జేబులోంచి బుడ్డలు తీసి నా చేతిలో పోశారు.

హైస్కూలు సంగతి ఎత్తుతారేమో అని నిలబడ్డాను. ఎత్తలేదు. దాచినట్టు కూడా లేదు, ఆయనకు గుర్తే లేదు. నేను అడగాల్సింది. పక్కన మా ఆయన, చుట్టూ జనం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "బాగుండా సార్" అన్నాను. బుడ్డలు తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. ఇంటికి తెచ్చి మా ఆడబిడ్డ రూతుకు ఇచ్చాను.

సారు సంస్మరణ సభకు మా ఆయన తీసుకుపోయాడు. వెనక వరసలో కూర్చున్నాను. మైకు దగ్గరికి ప్యాంటు చొక్కా వేసుకున్న కుర్రవాడు వచ్చాడు. మాట్లాడాక గానీ ఈరన్న అని తెలియలేదు. కర్నూలులో కాలేజీ చదువుతున్నాడట. "మేం సుగ్గికి పోతే సారు మమ్మల్ని మర్సిపోలేదు. మిరపచేలోకి గూడా సదువు పంపించినాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పంపించినాడు. మూట కట్టి లారీలో వేసినట్టు.

సభ అయ్యాక వాడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, నువ్వేనా? శిష్యులంతా సారు మీద పుస్తకం వేస్తాండాం. నువ్వు రాయకపోతే ఎట్లక్కా, లీడరువి" అని చేతులు పట్టుకున్నాడు. వాడి చేతులు మెత్తగా ఉన్నాయి. వాడి మీద నాకు కోపం లేదు. వాడు చదువుకున్నందుకు సంతోషమే.

ఇది రాయకుండా పక్కన పెట్టేద్దామనే అనుకున్నాను. ఈలోగా మళ్లీ సుగ్గి వచ్చింది. నిన్న పొద్దున మా అత్త మూటలు కడుతూ రూతు బట్టలు కూడా మూటలో పెట్టింది. రూతు ఏడో తరగతి. గోడ పక్కన నిలబడి నా వైపు చూస్తోంది.

"అత్తా, రూతు రాదు. హాస్టల్లో ఉంటాది" అన్నాను.

"ఎవురు సెప్పిరి?"

"నేనే సెప్తాండా."

మా అత్త ముడి వేస్తున్న చెయ్యి ఆపింది. "ఓయమ్మా! ఇన్నాళ్లకు నోరు వచ్చెనే నీకు! చంటిపిల్లోళ్లను ఎవురు సూస్తారు మరి? మీ సారు వస్తాడా పైనుంచి?"

"నేను సూస్తా. నాకు తెల్సిన పనే కదా."

మా ఆయన బీడీ ఆర్పి, "కానీలేమ్మా, ఉండనీ" అన్నాడు. అత్త రూతు బట్టలు తీసి నా ఒళ్లోకి విసిరింది.

సాయంత్రం రూతును హాస్టలుకు తీసుకుపోయి చేర్పించాను. వరండాలో నీళ్ల కుండ ఉంది. చుట్టూ రూతు కంటే చిన్న తరగతుల పిల్లలు. రూతు వెనక్కి తగ్గి నిలబడబోయింది. నేనే చెంబు ముంచి, ముందు దాని చేతికి ఇచ్చాను. "తాగు మ్మే" అన్నాను. పొద్దున చెప్పినది సాయంత్రం చూపించాను. ఇది నేర్పినది సారే. చూపించనిదీ ఆయనే. ఆయనకు దండం పెట్టాలో, నిలదీయాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

రేపు లారీ వస్తుంది. పుస్తకంలో వేయదగిన ముక్క ఇందులో ఉంటే అంతవరకే తీసుకోండి, లేకుంటే లేదు. కాయితాలు మాత్రం చదివినాక పొయ్యిలో పెట్టండి. ఇవి సారు ఇంటి ఆమె కంట పడకూడదు. సభ రోజు వాళ్లింటికి పోతే ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, "మా సారు నీ మాట శానాసార్లు ఎత్తుతాండె మ్మా" అంది. లోపల గూట్లో ఆయన ఫోటో పెట్టి, దాని పక్కన ఆ ఆకుపచ్చ బాటిల్ పెట్టుకుంది. రోజూ కడిగి నీళ్లు మారుస్తుందట. మూత దాకా నిండుగా ఉంది.