వద్దన్నది నేనే

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ సవతమ్మ అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. ఇరవై రెండేళ్లుగా తెర మీద ఏ సవతి తల్లి నోరు తెరిచినా అందులోంచి వచ్చేది ఈమె గొంతే. పిల్లని చీకటి గదిలో పెట్టి తాళం వెయ్యాలన్నా, మొగుడు గుమ్మంలో అడుగుపెట్టగానే "మీ ముద్దుల కూతురు ఏం చేసిందో చూశారా?" అని రాగం తియ్యాలన్నా ఆమె తర్వాతే ఎవరైనా. మనిషి మాత్రం వట్టి మెతక. టీ చల్లారిపోయి వచ్చినా కిమ్మనకుండా తాగేసే రకం.

దేవుడి వేళాకోళం ఏమిటంటే, ముప్పై ఎనిమిదో ఏట ఆమె పెళ్లాడిన కళ్లజోళ్ల షాపాయనకు అప్పటికే తొమ్మిదేళ్ల కూతురుంది. కన్నతల్లి పోయాక రెండేళ్లు ఆ పిల్లని పెద్దమ్మ, అంటే కన్నతల్లి అక్క, పెంచింది. తిరిగి ఇంటికొచ్చిన మొదటిరోజు పిల్ల ఈమె గొంతు విని తలుపు చాటుకు పరిగెత్తింది. టీవీలో విన్న గొంతు మరి! ఆ చాటు నుంచి బయటికి రావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు పిల్లకు పదహారు. ఇద్దరికీ గొడవల్లేవు. అలాగని పిలుపూ లేదు. "ఇదిగో", "వింటున్నారా" అంటూ ఏడేళ్లుగా నెట్టుకొస్తున్నారు.

ఇంతలో పెద్దమ్మ కబురు పెట్టింది. పరీక్షలయ్యాయి కదా, పిల్లని పంపండి, మా ఊళ్లో మంచి కాలేజీ ఉంది, చదువయ్యేదాకా నేనే చూసుకుంటాను అని. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. తండ్రి "నీ ఇష్టం తల్లీ" అని చేతులు దులుపుకున్నాడు. పిల్ల ఏమీ తేల్చలేదు. వెళ్లిపోతుందేమోనని సవతమ్మకు తిండి సహించడం లేదు. వెళ్లొద్దని అడిగితే సవతి తల్లి అడ్డుపడింది అంటారు. అడగకపోతే సవతి తల్లి వదిలించుకుంది అంటారు.

ఆ శనివారం ఒక కొత్త సినిమాకు డబ్బింగ్. ఈమధ్య సినిమాల్లో సవతి తల్లులు మారిపోయారు. పిల్ల మొదట ముఖం తిప్పుకుంటుంది, ఒక పాటలో ఇద్దరూ కలిసి గోడకు రంగులేస్తారు, పాట అయ్యేసరికి పిల్ల వచ్చి వాటేసుకుంటుంది.

"గోడకు రంగేస్తే అయిపోతుందా?" అంది సవతమ్మ సౌండ్ ఇంజనీరుతో. "అప్పుడేమో రాక్షసిని, ఇప్పుడేమో దేవతని. మధ్యలో పిల్లకి జ్వరమొస్తే మాత్ర వేసేదీ, మొండికేస్తే విసుక్కునేదీ ఎవరయ్యా?"

"అవన్నీ పెడితే సినిమా నాలుగ్గంటలవుతుందమ్మా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి," అన్నాడతను.

ఇల్లు వదిలి వెళ్తున్న పిల్లని ఆపే సీను అది. తెర మీద నటి పెదాలు కదలగానే అందుకోవాలి, ఆగినచోట ఆగాలి. "నేను నిన్ను కనలేదు. కానీ నువ్వే నన్ను తల్లిని చేశావు. నీ అడుగుల చప్పుడు లేని ఈ ఇల్లు నాకెందుకు?" ఒక్క టేకులో ఓకే. అద్దం అవతల ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. అదిగో, అక్కడే ఆమె బుద్ధి గడ్డి తింది. పరాయివాణ్ణి ఏడిపించిన మాట ఇంట్లో ఎందుకు పనికిరాదు అనుకుంది.

సాయంత్రం పిల్ల మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆమె గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది.

"నేను నిన్ను కనలేదు..."

పిల్ల బిత్తరపోయి ఏదో అనబోయింది. పెదాలు కదిలాక వృత్తి అలవాటు ఊరుకుంటుందా? ఆమె కళ్లు ఆ పెదాలకు అతుక్కుపోయాయి. అవి కదిలినంతసేపూ పలికి, మూతపడగానే టక్కున ఆగింది. పిల్ల మళ్లీ నోరు తెరిచింది, ఈమె మళ్లీ అందుకుంది.

"నా మూతి చూసి డబ్బింగ్ చెబుతున్నారా?" అని కేకేసింది పిల్ల. "ఏ సినిమా?"

సవతమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఇంకా రిలీజ్ కాలేదు," అని గొణిగింది.

"ఏం బాలేదు."

"బాలేదు," అని ఒప్పుకుంది. తర్వాత గోడ వంక చూస్తూ, "వెళ్లకే. నాకిష్టం లేదు," అంది. ఎవరూ రాసివ్వని మాట కాబట్టి గొంతు మధ్యలోనే జీరబోయింది.

పిల్ల మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది. "నాకూ వెళ్లాలని లేదు. కానీ పెద్దమ్మకి ఎలా చెప్పను? రెండేళ్లు పెంచింది. రానంటే బాధపడుతుంది." ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మీరు చెప్పండి. నేను వస్తానన్నా మీరే వద్దన్నారని చెప్పండి."

"నన్ను తిట్టిపోస్తుందే!"

"తిట్టనీ. కాసేపు పడు. నా మీద మాత్రం కోపం రాకూడదు."

ఆమె ఫోన్ చేసింది. "పిల్లని పంపనండీ. వద్దన్నది నేనే," అంది. పెద్దమ్మ లంకించుకుంది. కన్నతల్లి అయితే పిల్ల బాగు కోరేదనీ, ఇంట్లో చాకిరీకి మనిషి కావలసి ఆపావనీ, ఎన్నేళ్లొచ్చినా సవతి బుద్ధి పోదనీ పావుగంట దులిపేసింది. పిల్ల ఆమె భుజానికి ఆనుకుని, ఫోన్‌కు చెవి ఒగ్గి అంతా వింటోంది. సినిమాలో అయితే ఈపాటికి ఫోన్ లాక్కుని నిజం చెప్పేసేది. ఈ పిల్ల మాత్రం పెద్దమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, ఒప్పేసుకో అన్నట్టు మోచేత్తో పొడుస్తోంది.

"అవునండీ, నాదే తప్పు," అంటూనే ఉంది ఆమె, కళ్లనీళ్లు కారిపోతుండగా. తమ తప్పు తెచ్చి నెత్తిన రుద్ది ఇంత నిశ్చింతగా కూర్చోవడం పిల్లలు తల్లి దగ్గర తప్ప ఎక్కడా చెయ్యరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పెద్దమ్మ ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది.