పర్లేదండి

ధవళేశ్వరంలో మా ఇంటి వరండాలో కూర్చుని పొద్దున్నే నేను చేసే ఉద్యోగమేంటో మా వీధిలో ఎవరికీ అర్థం కాదు. మనసు బాగాలేనివాళ్ళతో వీడియోలో మాట్లాడే కౌన్సెలర్లు అమెరికాలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికొచ్చే తెలుగువాళ్ళకు నేను ముందుగా ఫోన్ చేసి, "ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారండి?" అని అడగాలి. కౌన్సెలర్‌కు ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉందో, అవతలి మనిషి ఆ రాష్ట్రంలోనే ఉండాలి. ఒకరి లైసెన్సు మరొకరు ఒప్పుకునేలా రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందముంటే సరే, లేకపోతే అపాయింట్‌మెంట్ రద్దు.

అమెరికాలో ఉండే ఒకావిడ భీమవరం వైపు మనిషి, రెండు నెలల బాలింత. పాపను ఎత్తుకోవాలంటేనే భయమేస్తోందని వారం వారం కౌన్సెలర్‌తో మాట్లాడేది. ఆ వారం పక్క రాష్ట్రంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళింది. ఆ రాష్ట్రం ఒప్పందంలో చేరింది గానీ, అది ఇంకా అమల్లోకి రాలేదు.

నా ప్రశ్నకు ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది.

"ఎక్కడున్నానని చెప్పమంటారండి?"

అడుగుతున్నదేంటో నాకు తెలుసు. కానీ రూలంటే నాకు మహా ప్రేమ. "ఉన్నదే చెప్పండి" అన్నాను. చెప్పింది. రద్దు చేశాను.

"పర్లేదండి" అంది.

రూలు పాటించినందుకు కాదు నా బాధ. ఫారంలో 'ఎలా ఉన్నారు' అనే గడి ఉంటుంది. అందులో ఇంగ్లీషులో 'ఫైన్' అని కొట్టాను. అది చూసి ఆ కౌన్సెలర్, అక్క ఉన్న రాష్ట్రంలో ఆవిడకు మరో కౌన్సెలర్‌ని వెతికిపెట్టే తొందరేమీ పడలేదు.

మా అమ్మ నూట రెండు జ్వరంలో కూడా "పర్లేదులే" అంటుంది. ఆ మాట వినగానే మేం ఆటో పిలుస్తాం. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, నాకు ఆ మాటకు అర్థం తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు నెలలకు ఒప్పందం అమల్లోకొచ్చిందని మెయిల్ వచ్చింది. ముందు ఆవిడకే ఫోన్ చేశాను. వాళ్ళక్క ఎత్తింది. చెల్లెలు ఇంకా తన దగ్గరే ఉంటోందట.

"మీ చెల్లెలుగారు ఎలా ఉన్నారండి?"

"ఇప్పుడు పర్లేదండి."

అలవాటుగా వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి. ఆపుకున్నాను.

"పర్లేదంటే... ఎలా ఉన్నారండి?"



"నిన్ననే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చామండి. పాపని మాత్రం ఇంకా ఎత్తుకోవట్లేదు."

ఆ రెండో ప్రశ్న అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.